రాజీ – రాజీనామా

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స) పైనా, ఆయన కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతి, శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! మనం ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడేవాళ్లం. ఈ రెండు భాషల నడుమ ఒక పదం అర్థం మార్చుకొన్నది. ఉద్యోగం వదులుకొంటూ సమర్పించే పత్రాన్ని తెలుగులో రాజీనామా అంటాం. ఉర్దూలో దాన్ని ఇస్తీఫా అంటారు. అక్కడ రాజీనామా అంటే ఉభయులూ సమ్మతించి వ్రాసుకొనే ఒడంబడిక. ఈ 'రాజీ' అరబీలోని 'రిజా' నుంచి వచ్చినది. సంతృప్తి, మనఃపూర్వక సమ్మతి అని దాని అర్థం.

అల్లాహ్ నిర్ణయానికి రాజీ కావడం విశ్వాసి లక్షణం. ఆ రాజీని మనం బాధ్యతకు రాజీనామాగా మార్చుకోరాదు.

పసికుమారుడు ఇబ్రాహీమ్ మరణించినప్పుడు దైవప్రవక్త (స) కన్నీరు కార్చారు. హృదయం దుఃఖిస్తున్నదని చెప్పారు. ప్రభువుకు అప్రియమైన మాట మాత్రం పలకలేదు. రాజీ అయినవానికి దుఃఖం నిషిద్ధం కాదు.

హజ్రత్ ఉమర్ (ర) సిరియాకు వెళుతుండగా అక్కడ ప్లేగు వ్యాపించిందని తెలిసింది. సహచరులను సంప్రదించి ఆయన వెనుదిరిగారు. అల్లాహ్ విధివ్రాత నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (ర) ప్రశ్నించగా, ఒక విధివ్రాత నుంచి మరో విధివ్రాత వైపే వెళుతున్నామని బదులిచ్చారు. రోగికి వైద్యం మాన్పించి 'తఖ్దీర్' అనేవారు ఈ జవాబును గుర్తుంచుకోవాలి.

ఇక మూడవది. తండ్రి ఆస్తిలో కుమార్తెలకు అన్‌నిసా సూరాలో అల్లాహ్ స్వయంగా వాటా నిర్ణయించాడు. మన ఇళ్లలో ఏం జరుగుతున్నది? పెళ్లికి ఖర్చు పెట్టామంటూ చెల్లెలి చేత హక్కు విడుదల పత్రంపై సంతకం చేయిస్తున్నాం. కాదంటే పుట్టింటి గడప మూసుకుపోతుందని ఆమె భయం. ఆ సంతకం చూపి ఆమె రాజీ అయిందంటున్నాం. ఏడిస్తే సబ్ర్ చేయమంటున్నాం. ఒకరి సొమ్ము మరొకరు అక్రమంగా తినరాదని ఆ సూరాయే ఆజ్ఞాపించింది. పరస్పర సమ్మతితో జరిగే వర్తకాన్ని మినహాయించింది. అక్కడ సమ్మతికి వాడిన పదమూ రిజా నుంచి పుట్టినదే. భయంతో చేసిన సంతకంలో రిజా ఎక్కడున్నది? సబ్ర్ బాధితులకు అల్లాహ్ ఇచ్చిన బలం. బాధించేవారు దాన్ని బోధించడం అన్యాయంపై మరో అన్యాయం.

సోదరులారా! నేడు ఇంటికి వెళ్లి ఆ పత్రాలను తీసి చూద్దాం. చెల్లించవలసిన వాటా ఉంటే, ఆమె అడగకముందే చెల్లిద్దాం.

అల్లాహ్ మనల్ని తన నిర్ణయానికి రాజీ అయ్యేవారిగానూ, తాను రాజీ అయ్యే దాసులుగానూ చేయుగాక! ఆమీన్.