ఫొటోను లైబ్రరీకి అప్పగించే ముందు

తిరువళ్లూరు, తిరుత్తణి చుట్టుపక్కల కాలేజీల్లో చదువుతూ, ఆఖరి సంవత్సరం ప్రాజెక్టుకు ‘ఆబ్జెక్ట్ డిటెక్షన్’ తీసుకున్న పిల్లల కోసం ఈ నాలుగు మాటలు. ఫొటోలో బస్సు ఎక్కడుంది, మనిషి ఎక్కడున్నాడు అని కంప్యూటరు చేతే కనిపెట్టించి, చుట్టూ పెట్టె గీయించే పని ఇది. 2015లో జోసెఫ్ రెడ్మన్, సంతోష్ దివ్వల, రాస్ గిర్షిక్, అలీ ఫర్హాదీ కలిసి యోలో అనే పద్ధతిని బయటపెట్టారు. ఇవాళ దాని తర్వాతి తరాలు మామూలు ల్యాప్‌టాపులోనే నడుస్తున్నాయి. పైథాన్‌లో లైబ్రరీని, అంటే ఎవరో ముందే రాసిపెట్టిన కోడును, పిలిచే నాలుగు లైన్లు రాస్తే చాలు.

తంటా అంతా ఆ నాలుగు లైన్లలోనే ఉంది. కోడు నడుస్తుంది. ఎర్రర్ రాదు. కానీ ఫొటోలో కళ్లెదుట కనబడుతున్న బస్సు మాత్రం దానికి దొరకదు. వెంటనే మోడల్ బాగాలేదని, ఇంకా పెద్ద మోడల్ దించుకుని, డేటా ప్యాక్ అంతా ఖర్చుపెట్టుకునే పిల్లలు చాలామంది. పెద్ద మోడల్‌తోనూ అదే ఫలితం. మోడల్‌ను తప్పుపట్టే ముందు, దాని చేతికి మీరు ఏమిచ్చారో చూడండి. వడ్లు పోశారా, ఊక పోశారా అని రైసుమిల్లు అడగదు, పోసింది ఆడించేస్తుంది. లైబ్రరీ కూడా అంతే.

ఒక ఫొటో తీసుకుందాం. ఆడికృత్తిక నాడు తిరుత్తణి కొండ కింద తీసింది. పసుపుపచ్చ ఆటోలు, ఒక బస్సు, పసుపు బట్టలు కట్టి కావళ్లు మోస్తున్న భక్తులు. ఫైలుకు తెలుగులో ‘ఆడికృత్తిక’ అనే పేరు పెట్టారు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి అప్పటి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. అయినా ఇళ్లలో తెలుగు అలాగే ఉంది కాబట్టి మన పిల్లలు ఫైళ్లకు, ఫోల్డర్లకు తెలుగు పేర్లు పెట్టుకుంటారు. పెట్టుకోవాలి కూడా. అయితే విండోస్‌లో ఓపెన్‌సీవీ లైబ్రరీలో ఫొటోలు చదివే ఇమ్‌రీడ్‌కు అలాంటి పేరిస్తే చాలాసార్లు అది ఫైలు తెరవలేదు. తెరవలేకపోయానని కోడును ఆపదు, ‘నన్’ అని ఒక ఖాళీ విలువ తిరిగిచ్చి ఊరుకుంటుంది. పది లైన్ల తర్వాత ఇంకెక్కడో ఎర్రర్ వస్తే మీరు అక్కడ వెతుకుతూ కూర్చుంటారు. అందుకే ఇమ్‌రీడ్ రాసిన మరుసటి లైన్లోనే, వచ్చింది నన్ కాదు కదా అని పరీక్ష పెట్టండి. తెలుగు పేరు మార్చక్కర్లేదు. సంఖ్యల పట్టికల లైబ్రరీ నమ్‌పైలో ఫ్రమ్‌ఫైల్‌తో ఫైలును బైట్లుగా చదివి, ఆ బైట్లను ఓపెన్‌సీవీ ఇమ్‌డీకోడ్‌కు ఇస్తే ఫొటో చక్కగా తెరుచుకుంటుంది. ఫోన్ యాప్ నుంచి సర్వరుకు ఫొటో వచ్చినప్పుడూ ఇదే దారి. బేస్‌64 రూపంలో వస్తే మాత్రం, ముందుండే ‘డేటా, ఇమేజ్, జేపెగ్’ అన్న ముక్కను కామా దాకా కత్తిరించి, ఆ తర్వాతే డీకోడ్ చేయాలి.

ఫొటో తెరుచుకుంది. ఇప్పుడది బొమ్మ కాదు, సంఖ్యల పట్టిక. 12 మెగాపిక్సెళ్ల ఫోన్ ఫొటో అంటే 4000 నిలువు వరుసలు, 3000 అడ్డు వరుసలు, ఒక్కో చుక్కకు మూడు రంగులు. మొత్తం 3 కోట్ల 60 లక్షల సంఖ్యలు. వాటిని ఏ వరుసలో పేర్చారన్నదే లైబ్రరీకి కావాలి. ఎక్కువమంది దెబ్బ తినేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

ఓపెన్‌సీవీ పుట్టింది 1999లో, ఇంటెల్ సంస్థలో. అప్పట్లో కెమెరాల వాళ్లు, సాఫ్ట్‌వేర్ వాళ్లు నీలం, ఆకుపచ్చ, ఎరుపు అన్న వరుస ఎక్కువగా వాడేవాళ్లు. ఓపెన్‌సీవీ దాన్నే పట్టుకుని ఇప్పటికీ బీజీఆర్‌లో ఉంది. పిల్లో అనే ఇంకో లైబ్రరీతో మామూలు జేపెగ్ ఫొటో తెరిస్తే ఎరుపు ముందు, నీలం చివర, అంటే ఆర్‌జీబీ. ఒకదాని పట్టికను ఇంకొకదానిదిగా చదివితే పసుపు ఆటో ఆకాశనీలం రంగుకు మారిపోతుంది. మామిడికాయల ప్రాజెక్టు చేసేవాళ్లు ఇది మరీ జాగ్రత్తగా వినాలి. ఆకుపచ్చ రెండు వరుసల్లోనూ మధ్యలోనే ఉంటుంది కాబట్టి, రంగులు తారుమారైనా పచ్చికాయ దాదాపు పచ్చగానే కనిపిస్తుంది. పండు మాత్రం నీలంగా మారుతుంది. అప్పుడు మోడల్ కాయల్ని పట్టి పండ్లను వదిలేస్తుంది. పండ్ల ఫొటోలు చాలవేమోనని మీరు తోటంతా తిరిగి ఇంకో వెయ్యి ఫొటోలు తీసుకొస్తారు.

వరుస సరిగా ఉందో లేదో చూడటానికి ఫొటోను తెరమీద వేసి చూస్తే చాలదు. ఓపెన్‌సీవీ చూపించేటప్పుడు బీజీఆర్ అనుకుని చూపిస్తుంది, మ్యాట్‌ప్లాట్‌లిబ్ ఆర్‌జీబీ అనుకుని చూపిస్తుంది. తెర మీద బాగుందని మురిసిపోతే లోపల తప్పు అలాగే ఉండిపోవచ్చు. ఆటో మీద ఒక చుక్క ఎంచుకుని, అక్కడి మూడు సంఖ్యలు ప్రింట్ చేయండి. పసుపులో ఎరుపు, ఆకుపచ్చ ఎక్కువ, నీలం తక్కువ. 30, 200, 240 లాగా మొదటి సంఖ్య చిన్నదైతే అది బీజీఆర్. చివరిది చిన్నదైతే ఆర్‌జీబీ.

ఏ లైబ్రరీకి ఏది కావాలి? ముఖాలు గుర్తించే డీలిబ్‌కు ఆర్‌జీబీ కావాలి. ఇప్పుడు చాలామంది వాడే అల్ట్రాలిటిక్స్ యోలోకు నమ్‌పై పట్టిక ఇస్తే అది బీజీఆర్ అనే అనుకుంటుంది. ఎక్కడో చదివి ముందుగానే ఆర్‌జీబీకి మార్చి ఇచ్చారంటే, చేతులారా చెడగొట్టినట్టే.

రెండో చిక్కు 255. మామూలు ఫొటోలో ప్రతి సంఖ్యా 0 నుంచి 255 లోపు ఉంటుంది. మోడల్‌కు లోపల 0 నుంచి 1 దాకా కావాలి, కాబట్టి ఎవరో ఒకరు 255తో భాగించాలి. ఎవరు అన్నదే ప్రశ్న. అల్ట్రాలిటిక్స్‌కు నమ్‌పై పట్టిక ఇస్తే అదే భాగించుకుంటుంది. పైటార్చ్ లైబ్రరీ పట్టిక, అంటే టార్చ్ టెన్సర్, ఇస్తే మాత్రం మీరు ముందే భాగించి, ఆర్‌జీబీలోనే పేర్చి ఇచ్చారని నమ్ముతుంది. టార్చ్‌విజన్ డిటెక్షన్ మోడళ్లకు కూడా 0 నుంచి 1 మధ్య ఉన్న టెన్సర్లే ఇవ్వాలి. మీరూ భాగించి, లైబ్రరీ కూడా భాగిస్తే, పట్టపగలు తీసిన కొండమెట్లు అమావాస్య రాత్రిలా దాని ముందుకు వెళతాయి. ఎర్రర్ ఏమీ రాదు. ఇచ్చే ముందు పట్టిక రకం, కొలతలు, కనిష్ఠ విలువ, గరిష్ఠ విలువ ప్రింట్ చేయండి. గరిష్ఠం 255 దగ్గరుందా, 1 దగ్గరుందా, 0.004 దగ్గరుందా అన్నది ఆ లైను చూడగానే తెలిసిపోతుంది.

కొలతల్లోనూ తికమక ఉంది. పిల్లో వెడల్పు ముందు చెబుతుంది, నమ్‌పై ఎత్తు ముందు చెబుతుంది. సైజు మార్చే ఓపెన్‌సీవీ రీసైజ్‌కు మాత్రం మళ్లీ వెడల్పే ముందివ్వాలి. పారదర్శకత ఉన్న పీఎన్‌జీ అయితే మూడు రంగులకు బదులు నాలుగు పొరలు రావచ్చు, నలుపు తెలుపు ఫొటో అయితే ఆ మూడో కొలతే ఉండకపోవచ్చు.

యోలో చాలావరకు 640 చుక్కల చదరంలోకి ఫొటోను కుదిస్తుంది. 1920 వెడల్పు, 1080 ఎత్తు ఉన్న సీసీటీవీ ఫ్రేమును మూడో వంతుకు తగ్గిస్తే 640 వెడల్పు, 360 ఎత్తు వస్తుంది. మిగిలిన 280ని పైన 140, కింద 140 చొప్పున బూడిదరంగు పట్టీలతో నింపుతారు. ఈ పని మీరే చేసుకుంటుంటే, వచ్చిన పెట్టెను వెనక్కి లెక్కగట్టడం కూడా మీ బాధ్యతే. చదరంలో పెట్టె పై అంచు 200 దగ్గర ఉందంటే, అందులో 140 తీసేసి మూడుతో హెచ్చవేయాలి. 180 వస్తుంది, అసలు ఫొటోలో అదీ చోటు. ఆ 140 తీయడం మరచిపోతే ఆటో చుట్టూ రావలసిన పెట్టె దాని కింద రోడ్డు మీద పడుతుంది. అల్ట్రాలిటిక్స్ ఈ లెక్క తానే చేసి ఇస్తుంది. ఓపెన్‌సీవీలో బ్లాబ్‌ఫ్రమ్‌ఇమేజ్ వాడి సొంతంగా నడిపేవాళ్లు మాత్రం చేసుకోక తప్పదు.

కుదించడంలో ఇంకో నష్టం కూడా ఉంది. 4000 వెడల్పున్న ఫొటో 640కి దిగితే ఆరు రెట్లకు పైగా చిన్నదవుతుంది. మెట్ల పైవరుసలో 60 చుక్కల ఎత్తున్న మనిషి పది చుక్కలకు లోపే మిగులుతాడు. అంత చిన్న మనిషిని కనిపెట్టడం చాలా కష్టం. పొదటూరుపేట మగ్గాల మీద గుడ్డలో తెగిన పోగులు పట్టే ప్రాజెక్టు అయినా ఇదే బాధ. ఫొటోను ఒకదానిమీద ఒకటి కొంచెం ఎక్కేలా ముక్కలు చేసి, ఒక్కో ముక్కనూ విడిగా ఇచ్చి, వచ్చిన పెట్టెల్ని మళ్లీ కలపండి. ఫొటోల్ని వాట్సాప్‌లో మామూలుగా పంపుకోకండి, అది కుదించేస్తుంది. డాక్యుమెంటుగా పంపండి.

ఫోన్‌ను నిలువుగా పట్టుకుని తీసిన ఫొటో చాలాసార్లు అడ్డంగానే సేవ్ అయి, ‘నన్ను తిప్పి చూపించు’ అన్న చీటీ ఒకటి ఫైలులోని ఎక్సిఫ్ సమాచారంలో ఉంటుంది. ఓపెన్‌సీవీ ఇమ్‌రీడ్ మామూలుగా ఆ చీటీ చదివి తిప్పుతుంది, పిల్లో తనంతట తాను తిప్పదు. ఇమేజ్‌ఆప్స్‌లోని ఎక్సిఫ్ ట్రాన్స్‌పోజ్ పిలవాలి. లేకపోతే భక్తులందరూ పక్కకు పడుకున్నట్టు వెళతారు.

ఇవన్నీ సరిచూశాక కూడా ఆటో దొరకలేదంటే, అప్పుడు తప్పు మీది కాదు. దించుకున్న మోడళ్లు ఎక్కువగా 2014లో వచ్చిన కోకో అనే ఫొటోల సంపుటి మీద శిక్షణ పొందినవి. అందులో 80 రకాల వస్తువుల్లో బస్సు ఉంది, ఆవు ఉంది, అరటిపండు ఉంది. ఆటో లేదు, మామిడీ లేదు. మన ఆటోను అది కారనో లారీ అనో అంటుంది. మన రోడ్ల కోసం హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ వాళ్లు ఇండియా డ్రైవింగ్ డేటాసెట్ తయారుచేశారు. హైదరాబాద్, బెంగళూరు చుట్టుపక్కల రోడ్ల మీద తీసిన ఆ ఫొటోల్లో ఆటోరిక్షాకు విడిగా పేరుంది. దానితో మోడల్‌కు మళ్లీ శిక్షణ ఇవ్వండి. తర్వాత తిరుత్తణి బస్టాండు దగ్గర, తిరువళ్లూరు స్టేషను ముందు, పొద్దున, మాపటేళ, వానలో మీరు తీసిన ఫొటోలు కూడా కలపండి. శిక్షణకు ఫొటోలు చదివిన కోడునే ఒక ఫంక్షనుగా రాసిపెట్టుకుని, పరీక్షించేటప్పుడు కూడా దాన్నే పిలవండి.