“పిల్లోడే అడ్డమొచ్చినాడు” అంటారు... రాజీ కాగితం రాసే ముందు ఇది వినండి

ఈ రోజు వీడియోలో కొత్త ఫోన్ లేదు, జాబ్ టిప్స్ లేవు. నేను చేసిన ఒక తప్పు గురించి చెప్తా.

మాది గాండ్లపెంట సైడ్. మూడేళ్ల కిందట వర్క్ ఫ్రమ్ హోమ్‌లో ఊళ్లోనే ఉన్నా. మా వీధిలో ఆరేళ్ల పిల్లోడు అంగడికి పోయి వస్తా ఉంటే ఆటో గుద్దింది. తొడ ఎముక విరిగింది. ఆటో ఆయన పక్కూరే, అందరికీ తెలిసినోడే. రాత్రికి పెద్దమనుషులు కూర్చున్నారు. “పిల్లోడే అడ్డమొచ్చినాడు కదప్పా, ఆయప్ప మాత్రం ఏం చేస్తాడు” అన్నారు. 40 వేలకు రాజీ. ఇక కేసు పెట్టము అని కాగితం. ఆ కాగితం రాసింది ఎవరో తెలుసా? నేనే. “నువ్వు బీటెక్ చదివినావు, నువ్వు రాయి నాయనా” అన్నారు. నీట్‌గా రాసిచ్చేశా.

ఆ డబ్బు ఆపరేషన్‌కే చాల్లేదు. ఇప్పుడు వాడి ఒక కాలు కొంచెం పొట్టి, కుంటుతా నడుస్తాడు. మొన్న పండక్కి పోతే వాళ్లమ్మ అడిగింది, “తమ్ముడూ, ఇంకో ఆపరేషన్ చేయాలంటున్నారు. ఇప్పుడేమన్నా అడగొచ్చా?” అని. నాకు నోట మాట రాలేదు. ఆ తర్వాతే చట్టం చదవడం మొదలుపెట్టా.

మొదటిది. ఆరేళ్ల పిల్లోడి మీద తప్పు వేయలేం. బండి ఎంత స్పీడులో వస్తోందో అంచనా వేసే వయసు కాదది. అందుకే చిన్న పిల్లల విషయంలో “నీ తప్పు కూడా ఉంది” అని పరిహారం తగ్గించడానికి కోర్టులు సాధారణంగా ఒప్పుకోవు. ఇళ్లు, బడి కనిపిస్తే స్లో చేయాల్సింది, రివర్స్ తీసే ముందు దిగి చూడాల్సింది డ్రైవరే.

రెండోది. బాధ్యత డ్రైవర్‌తో ఆగదు. 2014 జూలై 24, మెదక్ జిల్లా మాసాయిపేట గుర్తుందా? కాపలా లేని రైల్వే గేటు దగ్గర స్కూలు బస్సును రైలు గుద్దింది. ఎంతోమంది పిల్లలు పోయారు, డ్రైవర్ కూడా పోయాడు. చనిపోయిన మనిషి మీద క్రిమినల్ కేసు నడవదు. కానీ మామూలుగా డ్రైవర్ పనిలో ఉండి తప్పు చేస్తే నష్టపరిహారం బాధ్యత బండి ఓనర్‌ది కూడా. ఇన్సూరెన్స్ ఉంటే కట్టేది కంపెనీ. మన పెద్దమనుషులకు చెప్పాల్సింది ఇదే: కేసు పెడితే ఆ ఆటో ఆయన ఇల్లు అమ్ముకోవాలని కాదు. ఆయన ఏటా ప్రీమియం కట్టేది ఇందుకే. అయితే నిర్లక్ష్యంగా నడిపినందుకు ఆయన మీద క్రిమినల్ కేసు మాత్రం వేరేగా ఉంటుంది, అది దాచను.

మూడోది డబ్బు. 2013లో సుప్రీం కోర్టు పిల్లల వైకల్యానికి ఒక లెక్క చెప్పింది. ఒళ్లు మొత్తం మీద వైకల్యం 10 శాతం లోపు ఉంటే లక్ష, 10 నుంచి 30 అయితే 3 లక్షలు, 90 దాటితే 6 లక్షలు. వైద్యం, తోడు మనిషి ఖర్చు దీనికి అదనం. 2020లో హర్యానాలో పన్నెండేళ్ల పాప కేసులో 62 లక్షలకు పైగా ఇచ్చింది. మనం 40 వేలకు సంతకం పెట్టించాం.

ఇప్పుడు ఫోన్ తీసి నోట్ చేసుకోండి.

ముందు 108. పిల్లోడు ఆసుపత్రికి చేరాలి. బండి నంబర్ ప్లేట్, రోడ్డు ఫోటో తీయండి.

ఆసుపత్రిలో “రోడ్డు ప్రమాదం” అని చెప్పి ఎంఎల్‌సీ రాయించండి. “మెట్ల మీద పడ్డాడు” అని అబద్ధం చెప్తే తర్వాత అదే మీకు అడ్డం.

స్టేషన్‌లో ఎఫ్ఐఆర్ చేయించి కాపీ తీసుకోండి. బండి ఇన్సూరెన్స్ ఉందో లేదో ఎం-పరివాహన్ యాప్‌లో చూడొచ్చు.

మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో ఆరు నెలల్లోపు పిటిషన్ వేయండి. 2022 ఏప్రిల్ నుంచి ఈ గడువు ఉంది. దాని మీద సుప్రీం కోర్టులో వాదన నడుస్తోంది, దాన్ని నమ్ముకుని ఆలస్యం చేయొద్దు. ప్రమాదం ఎక్కడ జరిగినా మీరుండే చోటే వేయొచ్చు.

లాయర్ ఫీజు లేదా? ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కి ఫోన్ చేయండి.

రాజీ కాగితం సంగతి. కోర్టులో నడిచే కేసులో పిల్లల తరఫున రాజీ పడాలంటే తల్లిదండ్రులకైనా కోర్టు అనుమతి కావాలి. పిల్లోడి హక్కు అంత జాగ్రత్తగా చూసే విషయం. దాన్ని మనం రచ్చబండ దగ్గర ఒక తెల్ల కాగితం మీద తేల్చేశాం.

ఆ అక్కను తీసుకుని వచ్చే వారం న్యాయ సేవల ఆఫీసుకు పోతున్నా. ఏమవుతుందో చూడాలి. నేను రాసిన కాగితం జిరాక్స్ కూడా తీసుకుపోతా.

రేపు మీ ఊళ్లో ఎవరైనా “నువ్వు చదువుకున్నావు కదా, రాయి” అంటే పెన్ను తీయొద్దు. ఫోన్ తీసి ఈ వీడియో చూపించండి. ఉంటా మరి.