సూదీ, దారం, కాలి నరం



రాత్రి వంటిల్లు సర్దుకుని, గిన్నెలు బోర్లించి మంచం మీద వాలేసరికి కాళ్ళు పీకుతున్నాయని అనుకోని ఇల్లాలు మనలో ఎవరున్నారు చెప్పండి? “పొద్దస్తమానం నిలబడితే పీకవూ మరి!” అని మనకి మనమే సమాధానం చెప్పుకుని, కాళ్ళ కింద ఓ దిండు పెట్టుకుని పడుకుంటాం. తెల్లారేసరికి బాగానే ఉంటుంది. అందుచేత మరచిపోతాం.

మా అత్తగారు అలా పదిహేనేళ్ళు మరచిపోయారు. తణుకులో మాది పెద్ద సంసారం, వచ్చేపోయే జనం. పొయ్యి దగ్గర నిలబడితే మళ్ళీ మధ్యాహ్నానికిగాని ఆవిడ కూర్చునేవారు కాదు. మొదట ఎడమ చీలమండకి పైన, లోపలివైపు చర్మం నల్లబడింది. తరువాత దురద. గోకిన చోట రూపాయి బిళ్ళంత పుండు. ఆ పుండు మూడేళ్ళపాటు మానలేదంటే నమ్మండి. పసుపు అద్దాం, ఆకు పసర్లు పిండాం, ఒకరు చెప్పారని ఇంకేదో బూడిద చల్లాం. చక్కెర వ్యాధేమోనని రక్తపరీక్ష చేయిస్తే లేదన్నారు. ఎంతోమందికి చూపించాం. అందరూ పుండునే చూశారు, మందు రాసి కట్టు కట్టి పంపేశారు. చివరికి ఒక డాక్టరమ్మ, “ముందు లేచి నిలబడండి మామ్మగారూ” అంది. ఆవిడ నిలబడ్డ కాసేపటికి మోకాటి కిందనుంచి మెలికలు తిరిగి, నీలంగా, వానపాముల్లా నరాలు ఉబికి వచ్చాయి. మంచం మీద పడుకోబెట్టి చూసినంతకాలం అవి కనిపించవు కదా! రక్తం ఖాళీ అయి అణిగిపోతాయి.

నరాలంటున్నాను గాని, నిజానికి అవి నరాలు కావు. చెడు రక్తాన్ని గుండెకి తిరిగి చేరవేసే గొట్టాలు. వీటిని సిరలంటారు. గుండెనుంచి మంచి రక్తాన్ని తెచ్చేవి ధమనులు. పాదంలోని రక్తం గుండెదాకా ఎక్కాలంటే నిట్టనిలువు ప్రయాణం. అది ఎలా ఎక్కుతుంది? మన గోదావరి కాలవల మీద లాకులున్నాయిగా. పడవ లోపలికి రాగానే వెనకాల తలుపు మూసేస్తారు, నీరు వెనక్కి జారకుండా. సిరల్లో అటువంటి తలుపులు ఉంటాయి, వాటినే కవాటాలంటారు. మనం అడుగు వేసినప్పుడల్లా పిక్క కండ బిగిసి రక్తాన్ని పైకి తోస్తుంది, కవాటం వెనకాల మూసుకుంటుంది. కదలకుండా నిలబడితే తోసేవాళ్ళు లేరు. కాన్పుల్లో కడుపులోని బరువు, వంట్లో జరిగే మార్పులు సిరలను వదులు చేస్తాయి. కొందరికి అది పుట్టింటినుంచే వస్తుంది, తల్లికి ఉంటే కూతురికీ. ఒక్క లాకు తలుపు చెడితే ఆ బరువంతా కింది లాకు మీద పడుతుంది. అలా ఒకటి తరువాత ఒకటి చెడతాయి. దీన్నే డాక్టర్లు వెరికోస్ వెయిన్స్ అంటారు.

మన జిల్లాల్లో కాలు వాచిందనగానే “బోదకాలే” అని తీర్మానించేస్తారు. దోమలవల్ల వచ్చే బోదకాలు మన డెల్టాని ఎంతకాలంనుంచో పట్టుకున్నదే, కాదనను. రాజమండ్రిలో ఆ వ్యాధికి ప్రత్యేకించి శిక్షణ, పరిశోధనా కేంద్రం పెట్టారంటేనే తెలుస్తుంది. 2004 నుంచి ఇంటింటికీ తిరిగి మాత్రలు మింగించిందీ అందుకే. కాని ఆ రెండూ వేరు. బోదకాలులో చెడేది రక్తం పారే గొట్టం కాదు, శోషరసం పారే గొట్టం. చలిజ్వరం వచ్చి గజ్జల్లో బిళ్ళ కడుతుంది, పోను పోను వాపు తెల్లారినా తీయదు, చర్మం దళసరెక్కుతుంది. సిరల వాపు సాయంత్రానికి పెరిగి పొద్దుటికి తగ్గుతుంది, చీలమండ దగ్గర చర్మం నల్లబడుతుంది. ఈ తేడా ఇంట్లోనూ గమనించుకోవచ్చు.

ఇంతకీ ఈ రక్తనాళాల్ని కొయ్యడం, కుట్టడం అనే విద్య ఉందే, దానికి మొదటి పాఠం చెప్పినది ఒక ఆడమనిషి అంటే మీకు సంతోషంగా ఉంటుంది. 1894 జూన్‌లో ఫ్రాన్సు దేశాధ్యక్షుడు సాదీ కార్నో లియోన్ నగరానికి వస్తే ఒకడు కత్తితో పొడిచాడు. కాలేయానికి రక్తం తీసుకువెళ్ళే పెద్ద సిర తెగింది. గొప్ప గొప్ప సర్జన్లు ఉండి కూడా తెగిన సిరని కుట్టడం చేతగాక ఆయన కొద్ది గంటల్లోనే చనిపోయాడు. అదే ఊళ్ళో వైద్యం చదువుకుంటున్న అలెక్సిస్ కారెల్ అనే కుర్రవాడికి ఇది మనసులో నాటుకుపోయింది. “చర్మం కుడతారు, పేగు కుడతారు, రక్తనాళం ఎందుకు కుట్టలేరు?” అనుకున్నాడు. లియోన్ పట్టు బట్టలకి, కుట్టు పనికి పెట్టింది పేరు. అతను మదాం లెరూదియే అనే ఎంబ్రాయిడరీ పనిలో ఆరితేరినావిడ దగ్గరికి వెళ్ళి, సన్నని సూదితో సన్నని పట్టుదారం నడపడం నేర్చుకున్నాడు.

అసలు చిక్కు ఎక్కడో మీరైతే ఇట్టే పట్టేస్తారు. జాకెట్టు చెయ్యి గుండ్రంగా ఉంటుంది. దాన్ని కుట్టేటప్పుడు ఏమరితే వెనక పొర కూడా సూదికి తగులుకుని గొట్టం మూసుకుపోతుంది. బియ్యపు గింజంత లావు రక్తనాళంలో అలా జరిగిందంటే ప్రాణం మీదికి వస్తుంది. కారెల్ ఏం చేశాడంటే, తెగిన రెండు అంచులకీ మూడుచోట్ల సమదూరంలో కుట్టు వేసి, ఆ మూడు దారాలూ మూడువైపులకి లాగి పట్టించాడు. గుండ్రని నోరు ముక్కోణమైపోయింది. ఇక ఒక్కో పక్కా తిన్నని అంచే కదా, చీర అంచు కుట్టినట్టు కుట్టుకుపోవచ్చు. 1902లో ఈ పద్ధతి అచ్చువేశాడు. 1912లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పెద్దమనిషి తరువాతి రోజుల్లో మనుషుల్లో మేలుజాతి, తక్కువజాతి అంటూ రాసిన రాతలు మాత్రం మెచ్చుకోదగ్గవి కావు, అది వేరే సంగతి. సూది పట్టడం నేర్పిన ఆవిడకి బహుమతి ఏమీ రాలేదు. నరసాపురం, పాలకొల్లు వైపు గుమ్మంలో కూర్చుని లేసు అల్లే ఆడవాళ్ళని చూసినప్పుడల్లా నాకు ఆవిడే గుర్తొస్తుంది. ఆ చేతుల్లో ఉన్న విద్య ఎవరికి ఎలా పనికొస్తుందో ఎవరు చెప్పగలరు?

ఇంకో ముచ్చట. అమెరికాలో హ్యూస్టన్ నగరంలో మైకేల్ డిబేకీ అనే సర్జను పాడైన పెద్ద ధమని స్థానంలో బట్టతో చేసిన గొట్టం వేస్తే ఎలా ఉంటుందా అని ఆలోచించాడు. 1950 తరువాత మాట ఇది. నైలాను కోసం బజారుకి వెడితే లేదన్నారు, డెక్రాన్ ఉందన్నారు. మనం ఒకప్పుడు టెరిలిన్ అని మోజుపడి కొనుక్కున్నామే, అదీ ఇదీ ఒక జాతి గుడ్డే. అది కొని తెచ్చి, తన భార్య కుట్టు మిషను మీద గొట్టంలా తానే కుట్టాడు. చిన్నప్పుడు తల్లి దగ్గర కుట్టు నేర్చుకున్నాడట. 97 ఏళ్ళ వయసులో ఆయన గుండె దగ్గరి ధమనే చీలితే, 2006లో శిష్యులు డెక్రాన్ గొట్టమే వేసి బతికించారు. మరో రెండేళ్ళు బతికాడు.

సరే, మన కాళ్ళ సంగతికి వద్దాం. పూర్వం ఈ జబ్బుకి గజ్జ దగ్గర కోసి సిరని మొత్తం లాగేసేవారు. ఇప్పుడు సూదిలోంచి సన్నని తీగలాంటిది పంపి, లేజరుతోనో రేడియో తరంగాల వేడితోనో ఆ సిరని లోపలే మూసేస్తున్నారు. చాలామంది అదే రోజు నడిచి ఇంటికి వస్తున్నారు. ఎక్కడ చెడిందో చూడడానికి డాప్లర్ అనే పరీక్ష ఉంది, సూదిపోటు లేదు, నొప్పి లేదు. మూసేస్తే రక్తం ఎటు పోతుందని మా అత్తగారికి బెంగ పట్టుకుంది. లోపల పెద్ద సిరలున్నాయి, అవే మోస్తాయి. పుండు ఉన్నవాళ్ళు పుండు మానాకే ఆపరేషను అని కూర్చోనక్కర్లేదని కూడా తేలింది. బ్రిటన్‌లో 450 మంది మీద చేసిన పరిశీలన 2018లో వెలువడింది. కట్టుతోపాటు వెంటనే సిరని మూసినవాళ్ళలో సగంమందికి 56 రోజుల్లో పుండు మానింది. ఆలస్యం చేసినవాళ్ళలో సగంమందికి మానడానికి 82 రోజులు పట్టింది.

ఆ కట్టు మామూలు కట్టు కాదు. పాదం వేళ్ళ మొదటినుంచి మోకాటిదాకా, కింద బిగువుగా, పైకి పోనుపోను కాస్త వదులుగా కట్టాలి. బిగుతు మేజోళ్ళు కూడా ఉన్నాయి. మన వేసవిలో వాటిని భరించడం కష్టమే, నేనూ ఒప్పుకుంటాను. కాని ఒక జాగ్రత్త. నాలుగడుగులు వేసేసరికి పిక్క పట్టేసి, ఆగితే తగ్గిపోయేవాళ్ళకి చెడినది ధమని అయి ఉండవచ్చు. చుట్టలు కాల్చేవాళ్ళకి, చక్కెర వ్యాధి ఉన్నవాళ్ళకి ఇది ఎక్కువ. వాళ్ళ కాలికి బిగుతు కట్టు కడితే ఉన్న రక్తం కూడా అందదు. డాక్టరు పాదంలో నాడి చూశాకే కట్టాలి.

పురిటింటి మాట చెప్పకపోతే నేనిక్కడికి వచ్చిందే దండగ. బాలింతకి నీళ్ళు ఎక్కువ ఇవ్వకూడదనీ, మంచం దిగనివ్వకూడదనీ మన పెద్దవాళ్ళ పథ్యం. వాళ్ళు ప్రేమతోనే చెబుతారు. కాని కాన్పైన తరువాత ఆరువారాలు రక్తం సులువుగా గడ్డకట్టే కాలం. నీళ్ళు తక్కువై, కదలిక లేకపోతే ఆ గడ్డ కాలి లోపలి సిరలో కట్టవచ్చు, తలలోని సిరలో కూడా కట్టవచ్చు. మా బంధువుల అమ్మాయికి కాన్పైన పదో రోజున ఒక్క కాలే వాచింది. వాతం చేసిందని నూనె రాసి గట్టిగా మర్దనా చేశారు. గడ్డ జారి ఊపిరితిత్తులకి పోయింది. ఆ పిల్ల బతికి బయటపడింది, ఇంట్లో వాళ్ళ పుణ్యం కొద్దీ. కనుక ఒక్క కాలు వాచి, నొప్పిగా, వెచ్చగా ఉంటే మర్దనా చెయ్యకండి, ఆ రోజే ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. ఆయాసం వచ్చినా అంతే. బాలింతకి తగ్గని తలనొప్పి వచ్చి మూర్ఛలు వస్తే గాలి సోకిందని తాయెత్తులు కట్టిస్తూ కూర్చోకండి. దాహమేస్తే కడుపునిండా నీళ్ళు ఇవ్వండి.

మరొకటి. ఉబ్బిన నరం చిట్లితే రక్తం ధారగా చిమ్ముతుంది. చూసినవాళ్ళు కంగారుపడి రోగిని కుర్చీలో కూర్చోబెట్టి, పైన తాడుతో బిగించి కడతారు. దానివల్ల రక్తం ఇంకా పోతుంది. వెంటనే పడుకోబెట్టండి, కాలు గుండెకన్నా ఎత్తుగా పెట్టండి, శుభ్రమైన గుడ్డతో ఆ చోటునే వేలితో గట్టిగా అదిమి పట్టి, వైద్యసహాయం అందేదాకా వదలకండి.

మా అత్తగారి పుండు మూడో నెలలో మూసుకుపోయింది. ఇప్పుడు సాయంత్రంపూట గోస్తనీ గట్టుదాకా నడిచి వస్తారు. కూరలు మాత్రం కూర్చునే తరుగుతారు. మొన్న మా కోడలు పొయ్యి దగ్గర చాలాసేపు నిలబడి ఉంటే, “చీర కుచ్చెళ్ళు కాస్త ఎత్తవే, నీ పిక్కలు చూడనీ” అన్నారు.