పిల్లల లావు - తల్లి కంచం, మన కొట్టు
(మండల సమాఖ్య మహాసభలో ఆరోగ్య, పోషణ ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగం)



ఈసారి లావు పిల్లల గురించి మాట్లాడతామంటే కొందరు నవ్వారు. మన ఊళ్లలో బక్క పిల్లలే గదా అన్నారు. నిజమే. కానీ ఐదేళ్లలోపు పిల్లల్లో అధిక బరువున్నవాళ్లు దేశం మొత్తం మీద 2015-16 సర్వేలో 2.1 శాతం ఉంటే, 2019-21 నాటికి 3.4 శాతం అయ్యారు. పైగా బక్కతనం, లావు రెండూ ఒక్క ఇంటివే.

పుణె దగ్గరి పల్లెల్లో డాక్టర్ యాజ్ఞిక్ బృందం పుట్టిన పిల్లల్ని కొలిచింది. సగటు బరువు 2.7 కిలోలు. ఇంగ్లండ్ పిల్లలు 3.5 కిలోలు. మన పిల్లలకు కండ బాగా తక్కువ, కొవ్వు మాత్రం అంతగా తగ్గలేదు. పైకి సన్నం, లోపల కొవ్వు.

ఇట్లెందుకు అవుతుంది? 1944-45 చలికాలం, యుద్ధం రోజుల్లో నెదర్లాండ్స్‌లో తిండి కరువైంది. గర్భం మొదటి సగంలో ఆ ఆకలి పడిన తల్లుల కొడుకులకు 19 ఏళ్లప్పుడు సైన్యం పరీక్ష చేస్తే, వాళ్లలో లావువాళ్లు ఎక్కువ తేలారు. ఇంకో పరిశోధనలో, గర్భం తొలి రోజుల్లో కరువు పడ్డవాళ్ల జన్యువు ఒకదాని మీది రసాయన గుర్తులు, అరవై ఏళ్ల తర్వాత కూడా వాళ్ల తోబుట్టువులకన్నా తక్కువ ఉన్నాయి. జన్యువు మారలేదు. ఇంటి వైరింగు అదే, స్విచ్చులు వేరే. దీన్నే ఎపిజెనెటిక్స్ అంటారు. లావుకు అదొక్కటే కారణమని ఎవరూ అనడం లేదు. గర్భంలో షుగరు, పోతపాలు, చిరుతిళ్లు, ఫోను, ఆట లేకపోవడం, నిద్ర తగ్గడం అన్నీ కలుస్తాయి.

ఇది విని 'తప్పంతా తల్లిదే' అనొద్దని మా మనవి. 'ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుంది' అని కోడలి ముద్ద తగ్గించింది ఎవరు? మనమే గదా అత్తమ్మలూ! అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్డు, పాలు ఇంటికి తెస్తే ముందు ఎవరి కంచంలో పడుతున్నాయి? అక్కడే కూర్చొని తినాలని పెట్టింది అందుకే.

ఇంకో మాట, కొంచెం చేదుగా ఉంటుంది. సంఘం అప్పుతో పెట్టుకున్న కిరాణా కొట్లలో తలుపుకు దండల్లా వేలాడేది ఐదు రూపాయల ప్యాకెట్లే. గిరాకీ వాటికే ఉందని అక్కలు చెప్పారు, అబద్ధం కాదు. వాయిదా కట్టాలంటే అమ్మాలి. మేమూ కొనిచ్చినవాళ్లమే. తీసేయమని మేం అనం. ముందు వరసలో పల్లీ పట్టీలు, అరటిపండ్లు, వేయించిన శనగలు పెట్టి మూడు నెలలు లెక్క రాయండి. నష్టం వస్తే సమాఖ్యలో చెప్పండి, కూర్చొని మాట్లాడదాం. గర్భిణుల బరువు పట్టిక కూడా ప్రతి నెలా సమావేశంలో చదివించి మినిట్స్ పుస్తకంలో ఎక్కించండి.