ఆసు పోసే చెయ్యి
(చదువుల కేంద్రంలో మహిళలతో చెప్పిన మాటలు)



కొత్త యంత్రాల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. సెల్‌ఫోను గురించో కంప్యూటరు గురించో చెబుతాననుకుని ఉంటారు. ఆ సంగతులు మీ పిల్లలే చెబుతారు. నేను చీర గురించి చెబుతాను.

పోచంపల్లి చీర మీకు తెలుసు. దాని మీది పువ్వు అచ్చు వేసింది కాదు. నేయకముందే దారానికి రంగు వేస్తారు. దారాన్ని అక్కడక్కడ గట్టిగా కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట రంగు అంటదు. దీన్ని చిటికి కట్టడం అంటారు. అలా కట్టాలంటే ముందు దారాన్ని వరుసగా పేర్చుకోవాలి కదా. ఆ పనే ఆసు పోయడం.

ఆసు ఎవరు పోసేవాళ్లు? ఆడవాళ్లే. ఒక పక్క ఒక మేకు. ఎదురుగా వంపుగా మేకుల వరుస. దారం పట్టుకుని చెయ్యి ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిప్పాలి. ఒక్క చీరకు 9,000 సార్లు! నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు. భుజం పడిపోయేది. కళ్లు గుంజేవి. మగ్గం మీద కూచున్నాయన్ని నేతగాడు అన్నారు. ఆసు పోసిన ఆమెను మాత్రం "ఇంట్లోనే ఉంటుంది" అన్నారు!

అప్పటి నల్లగొండ జిల్లాలో శారాజీపేట అని ఒక ఊరుంది. ఇప్పుడది యాదాద్రి భువనగిరి జిల్లా. ఆ ఊరి నేతన్న చింతకింది మల్లేశం గారు. ఆరో తరగతితో ఆయన చదువు ఆగిపోయింది. తల్లి లక్ష్మి పడే బాధ రోజూ చూసేవాడు. ఈ పని యంత్రం చేయలేదా అనుకున్నాడు. 1992లో మొదలుపెట్టాడు. ఒకటి సరిపోతే ఇంకోటి చెడేది. అప్పులయ్యాయి. హైదరాబాదు వెళ్లి కరెంటు పనులు చేసుకుంటూ కూడా దాని గురించే ఆలోచించాడు. 1999లో యంత్రం పూర్తయింది. ఒక చీరకు గంటన్నరలో ఆసు పోసేసింది. దానికి తల్లి పేరే పెట్టాడు. లక్ష్మీ ఆసు యంత్రం. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు.

పెద్ద చదువులు చదివినవాళ్లు ఈ యంత్రం ఎందుకు చేయలేదంటారా? ఆడవాళ్ల భుజం నొప్పి వాళ్లకు కనపడలేదు. నాకైతే అలాగే అనిపిస్తుంది.

అయితే యంత్రాలన్నీ ఇలా నేతన్న ఇంట్లోంచి రాలేదు. మరమగ్గం వచ్చింది. పోచంపల్లి పువ్వునే బట్ట మీద అచ్చు కొట్టే యంత్రాలు వచ్చాయి. ఆ చీర చవక. చూడ్డానికి అదే అనిపిస్తుంది. తిరగేసి చూడండి. చిటికి చీరకు రెండు పక్కలా రంగు ఒకేలా ఉంటుంది. పువ్వు అంచు కొంచెం చెదిరినట్టుంటుంది. అచ్చు చీర చాలావరకు వెనక వెలవెలబోతుంది. 2006 నుంచి చేనేత బట్టకు "హ్యాండ్‌లూమ్ మార్క్" అని ఒక గుర్తు కూడా ఉంది. కొట్లో అడిగి చూడండి.

ఇంకో మాట. ఆసు యంత్రం కొన్న ఇంట్లో భుజం నొప్పి తగ్గింది. మరి కూలికి ఆసు పోసుకునే ఆమె సంగతేమిటి? యంత్రం కొనలేకపోతే నొప్పితో పాటు కూలీ పోతుంది. అందుకే యంత్రం మంచిదా చెడ్డదా అని ఎవరైనా అడిగితే, అది ఎవరి పేరు మీద ఉందమ్మా అని ఎదురడుగుతాను. సంఘం అప్పుతో యంత్రం కొంటున్నారా? కాగితం మీద మీ పేరుందో, ఇంటాయన పేరుందో వేలు పెట్టి చదవండి. ఇప్పుడు మీకు చదవడం వచ్చుగా!

మగ్గం ఇళ్ల వాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? చెయ్యెత్తండి. మీ ఇంట్లో ఆసు ఇప్పుడు ఎవరు పోస్తున్నారో చెప్పండి, వింటాం.