గోదావరీతీర విద్యానగరము
(హఫీజ్‌పేటలో జరిగిన వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



గోదావరీమండలములను విడిచి ఉద్యోగార్థమై ఈ హఫీజ్‌పేటకు వచ్చి స్థిరపడిన కుటుంబములు ఈ సభయందు పెక్కు గలవు. కావున రాజమహేంద్రవరమునుగూర్చి నాలుగు మాటలు విన్నవించుకొన గలిగినందులకు మిక్కిలి సంతసించుచున్నాము.

ఆ నగర ప్రాచీనత మీ రెఱుగనిది కాదు. పదునొకండవ శతాబ్దమున రాజరాజనరేంద్రుని యాస్థానమున నన్నయభట్టారకుడు భారతమును తెనిగింప నారంభించిన చోటది. రాజులు పోయిన పిదపను ఆ యూరు పెద్దదిగా నిలుచుటకు వేఱొక హేతువు కలదు. దానికి కొలది మైళ్ల దిగువను ధవళేశ్వరమువద్ద సర్ ఆర్థర్ కాటన్ 1847లో ఆరంభించిన ఆనకట్ట 1852లో ముగిసినది. మఱుసటి యేడు, 1853లో, రాజమహేంద్రవరమున దొరతనమువారి పాఠశాల వెలసి క్రమముగా కళాశాల యైనది. ఆనకట్ట నీటిని దాచుకొనుటకు కట్టినది కాదు. నీటిమట్టమును పైకెత్తి కాలువలగుండ చేలకు పంపుటకు కట్టినది. కళాశాలయు నట్టి పనియే చేసినది. పల్లెల పిల్లలను చేర్చుకొని, ఉన్నతులను జేసి, నలుదిక్కులకు పంపినది.

అది కేవల ముద్యోగవిద్య కాదు. 1881 డిసెంబరు 11వ తేదీన కందుకూరి వీరేశలింగముగారు తెలుగునాట తొలి వితంతువివాహమును జరిపించి వెలికి లోనైనప్పుడు వారికి అండగా నిలిచినవారిలో విద్యార్థులు కలరు. 1907 ఏప్రిలులో బిపిన్ చంద్రపాలుగారి యుపన్యాసములు విని, వందేమాతర పతకములు ధరించి తరగతులకు వచ్చిన విద్యార్థులు బహిష్కృతులైరి. ట్రెయినింగు కళాశాలలో చదువుచున్న గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వారిలో నొకరు. అక్కడి ఆర్ట్సు కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డు కూల్డ్రే దొరయే దామెర్ల రామారావుగారి చిత్రకళాప్రతిభను బాల్యముననే గుర్తించి ప్రోత్సహించెను.

ఇక ప్రస్తుతాంశము. మన నిధితో ఇచ్చట కల్యాణమండపము కట్టవలెనని కొందఱును, రాజమహేంద్రవరమున బాలికల వసతిగృహము కట్టవలెనని కొందఱును చెప్పుచున్నారు. మండపము అక్కఱలేదని మేమనము. అద్దె మండపములకు చెల్లించి అలసిన తండ్రుల ప్రయాస మాకును తెలియును. అయినను సంవత్సరమున ముహూర్తదినములు కొలది, చదువుదినములు పెక్కు. 2006లో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయమును ఆ నగరమున వెలసినది. కళాశాలలో చోటు దొరకియు, ఊరిలో నిలుచుటకు గది దొరకక చదువు మానుకొను పేదబాలికకు మనము తోడ్పడవలదా?

మఱియొక మనవి. అందు సగము గదులు ఇతర కులముల పేదబాలికలకు కేటాయింపవలెను. మన చందాలు పరుల కేలయని కొందఱు కినియవచ్చును. వీరేశలింగముగారు తమ యాస్తిని హితకారిణీ సమాజమునకు ధారపోసినప్పుడు దానిని ఒక్క కులమునకే పరిమితము చేయలేదు. కాలువ నీరు చేని గట్టున నిలిచి రైతు గోత్రము నడుగదు. సంఘము తనవారిని కూర్చుకొనుట ఆనకట్టవంటిది. కాలువలు లేని ఆనకట్టవలన ఒక్క చేనును పండదు.

2027లో గోదావరి పుష్కరములు వచ్చును. స్నానార్థమై మనమందఱము పోదుము. ఆ లోపల ఈ వసతిగృహమునకు శంకుస్థాపన జరుగునట్లు తీర్మానింపుడని ప్రార్థించుచున్నాము.