పసిబిడ్డ ఊపిరికి నీటిబుడగల ఆసరా

ఖిల్లా ఘణపూర్ కోటగుట్ట క్రింది ఊళ్ళలో, బిడ్డ డొక్కలు ఎగరవేస్తుంటే “జలుబే గదా” అని రాత్రి గడపివేసే ఇండ్లున్నవి. ఆ రాత్రి విలువైనది. గడియారం ముందుంచుకొని ఒక నిమిషం లెక్కించండి. రెండు నెలల లోపు బిడ్డకు 60, ఏడాది లోపు 50, అయిదేండ్ల లోపు 40 శ్వాసలు వచ్చినా, మించినా వైద్యునికి చూపవలెను. ఊపిరి పీల్చినప్పుడు రొమ్ము అడుగు భాగం లోనికి కుంగితే ఇక ఆగరాదు.

గొంతులో గొట్టం దించుతారేమోనని తల్లిదండ్రులు హడలిపోతారు. అన్నివేళలా ఆ అవసరం రాదు. 1971లో అమెరికాలో డాక్టర్ జార్జి గ్రెగరీ బృందం, నెలలు నిండని శిశువుల ఊపిరితిత్తులు ముడుచుకొనిపోకుండ, ఎడతెగని వాయుపీడనంతో కాపాడిన విధం ప్రకటించినది. అప్పుడు చాలమందికి గొట్టం గొంతులోనే అమర్చారు. పిదప ముక్కుపుటాలు చాలునని తేలినది. ఏర్పాటు సులువే. ముక్కుకు అమర్చిన గొట్టాల రెండవ కొస నీటిలో 5 సెంటీమీటర్లు మునిగితే, బిడ్డ ఊపిరి విడిచినా ఆ మేరకు ఒత్తిడి లోపల నిలుస్తుంది. బుడగలు ఆగితే నర్సు కంటికే తెలుస్తుంది.

ఢాకా వైద్యులు షాంపూ సీసాతోనే దీనిని అమర్చారు. తీవ్రమైన న్యుమోనియా పిల్లలలో, సాధారణ ఆక్సిజన్ కంటె దీనితో మరణాలు తగ్గినవని 2015లో ప్రకటించారు. కాని వైద్యుల నిత్య పర్యవేక్షణ లేని ఒక మలావీ ఆసుపత్రిలో ఫలితం తలక్రిందులైనదని 2019లో వెల్లడైనది. సీసా చవకే; కనిపెట్టి ఉండే మనిషి చవక కాదు.

కనుక ఇంటిలో ప్రయోగాలు వద్దు. 108కు ఫోను చేయండి. దారిలో బిడ్డను నిటారుగా ఎత్తుకొనండి. ఆయాసపడే బిడ్డకు బలవంతాన పాలు పట్టకండి.